తేలేవి, మునిగేవి

ఆ ఇంటాయన్ని వీధంతా సర్దుళ్ళాయన అనేవాళ్ళు. చెప్పులు కూడా కొలత పెట్టినట్టు విడిచేవాడు. ఆయన ప్రాణానికి పోరల్లా ఒకటే, వంటింటి అటక. దాని నిండా భార్య దాచిన ప్లాస్టిక్ డబ్బాలు. ఐస్‌క్రీం తిన్న నోళ్ళు ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాయి. డబ్బాలు మాత్రం ఒకదాని కడుపులో ఒకటి దూరి, పిల్లాపాపలతో కాపురముంటున్నాయి.

"పనికొస్తాయి" అంటుంది ఆవిడ.

"ఎప్పుడు?"

"పారేసిన మర్నాడు."

ఆ మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ చీర తేవడానికి వెళ్ళింది. ఆవిడ తల్లి, రిటైరైన హెడ్మాస్టరమ్మ, గది తలుపేసుకుని పడుకుంది. సాయంత్రం పాత శిష్యులంతా చేరి ఆమెకి సన్మానం చేస్తున్నారు. నాలుగు మాటలు మాట్లాడాలి కూడాను.

వీధిలో చెత్తబండి గంట మోగింది. సర్దుళ్ళాయన అటకెక్కాడు. అటకతో ఆగాడా? పొయ్యి గట్టు మీదున్న డబ్బాలు కూడా మూత తియ్యకుండానే గోనెలో కుక్కి, బండామెకి అప్పగించాడు. ఆమె గోనె వంకా ఆయన వంకా చూసి, అక్కకి తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు.

కాసేపటికి భార్య వచ్చింది. అటక వైపు చూడలేదు. గట్టు వైపు చూసింది.

"ఏమండీ, ఇక్కడ తెల్ల డబ్బా ఉండాలే. అమ్మ పళ్ళ సెట్టు తడిగుడ్డలో చుట్టి అందులోనే పెట్టాను."

ఆయనకి తన పళ్ళు కూడా కదిలినట్టయింది. పళ్ళుంటేనే అల్లుణ్ణి నమిలేసే మనిషి, అవి లేకపోతే ఏకంగా మింగేస్తుంది.

"అమ్మ లేచేలోగా తెండి" అని, భార్య చీర మడత చూసుకుంటూ లోపలికెళ్ళింది. ఆయన ఒంటి చెప్పుతో పరుగెత్తాడు.

మలుపు దాటాక, చెత్తబండి ప్లాస్టిక్ అంతా చేరే షెడ్డు. లోపల డబ్బాల్ని ముక్కలు చేసే మిషను కటకటా పళ్ళు నూరుతోంది. దాని ముందు నీళ్ళ తొట్టి. బోసినోటి తాత ఒకడు తొట్టి మీదికి వంగి కర్రతో కలుపుతున్నాడు. నీళ్ళ మీద అన్నీ తెల్ల డబ్బాలే. ప్రతిదీ తమ ఇంటిదే అనిపించింది.

సంగతి చెప్పాడు. తాత ఏదో గొణిగి చేత్తో చూపించాడు. డబ్బాలు పైకి తేలతాయి, గట్టి సరుకు అడుక్కి పోతుంది. పళ్ళుంటే అడుగునే ఉండాలి. ఆయన భుజం దాకా చెయ్యి ముంచి దేవాడు. సీసా ముక్కలొచ్చాయి. దువ్వెనొచ్చింది. పళ్ళున్నది అదొక్కటే.

ఈలోగా తాత ఒక గంపెత్తి మిషను నోట్లో పోశాడు. కటకటకట. సర్దుళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ గంపలో ఉన్నాయేమో, అయిపోయిందేమో. కళ్ళు తెరిచేసరికి, ఎదురు గోడ గూట్లో, గుడ్డపీలిక మీద పళ్ళ సెట్టు మెరుస్తోంది.

ఎవరో పుణ్యాత్ములు ఏరి పెట్టారనుకున్నాడు. గుప్పిట బిగించి ఒకటే పరుగు. వెనక నుంచి తాత గొంతెత్తి ఏదో అన్నాడు. ఒక్క అక్షరం తెలియలేదు. ఆశీర్వాదం కాబోలనుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే, హెడ్మాస్టరమ్మ కుర్చీలో కూర్చుని జామకాయ కరకరా కొరుకుతోంది. బల్ల మీద గోనె, గోనెనిండా డబ్బాలు.

"బండామె సందు మొదట్లోనే నాకిచ్చేసింది, పక్కింట్లో పెట్టి వచ్చాను" అంది భార్య. "మీ మొహం చూడగానే నాకు తెలియదని ఆమెకి తెలిసిపోయిందట. అమ్మ పళ్ళు అమ్మ నోట్లోనే ఉన్నాయి. డబ్బాలో పెట్టానన్నది మీకోసం అల్లిన మాట."

ఆయన మెల్లిగా గుప్పిట విప్పాడు. అత్తగారు కొరకడం ఆపింది.

"మరి అవెవరివండీ?" అంది భార్య.

జవాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముందు దారి చూపిస్తూ బండామె, వెనక రొప్పుతూ తాత. తాత చెయ్యి చాచాడు. పళ్ళు కడిగి పెట్టుకుని, దవడ సర్దుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"వంగితే తొట్టిలో పడతాయని గూట్లో పెడతానమ్మా. మీ ఆయన ఏ రకం, తేలేదా, మునిగేదా?"

"ఇన్నేళ్ళుగా నేనూ అదే చూస్తున్నా తాతా."

ఆవిడ గోనెలో చెయ్యి పెట్టి, బిగువు మూతున్న చిన్న డబ్బా ఒకటి ఏరి తాతకిచ్చింది. ఇకమీదట ఇందులో పెట్టుకోమంది.

"పనికొస్తాయి" అంది అత్తగారు, అక్షరం అక్షరం విడివిడిగా, అల్లుడి వంకే చూస్తూ.

సర్దుళ్ళాయన గోనె భుజానేసుకుని నిచ్చెన కోసం వెళ్ళాడు.