దర్జీ కుట్టిన సైలెన్సర్

నిశ్శబ్దం సృష్టించి ప్రజాజీవితానికి తీరని భంగం కలిగించిన నేరంపై, వీధి మొదట్లో ఉండే దర్జీని వీధి సంక్షేమ సంఘం సంజాయిషీ కోరింది. కిందటి నెలలో ఇదే సంఘం ఇదే దర్జీని చప్పుడు చేసిన నేరంపై పిలిపించింది. న్యాయం ముందు అందరూ సమానమే గనుక రెండుసార్లూ అతనికి కాలు ఊగే కుర్చీయే వేశారు.

చప్పుడు కారుది. దర్జీ భార్య మేనమామ దాన్ని కొని, వాడి, విసిగి, చివరికి మేనకోడలి మీద అభిమానం కొద్దీ వదిలించుకున్నాడు. సైలెన్సర్ తుప్పు పట్టి జల్లెడైపోయింది. రోజూ పొద్దున్నే స్టార్టు చేస్తే ఇంజను వేడెక్కేందుకు పావుగంట పట్టేది, ఆ పావుగంటా వీధిలో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. నెలాఖరులోగా చప్పుడు ఆగకపోతే కారును పాత ఇనుము కొట్టుకు తోలించేస్తామని సంఘాధ్యక్షులు, అంటే రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఈల ఊది మరీ ప్రకటించారు.

దర్జీకి గుండె జారిపోయింది. కారు మీద మోజుతో కాదు. కొట్లో అతని మిషను గోడ వైపు తిరిగి ఉంటుంది, ఆవిడ కాజాలు కుట్టే బల్ల కిటికీ వైపు. ఇంట్లో ఒకరు తింటుంటే ఒకరు వడ్డించాలి. ఆదివారం సాయంత్రం ఆ ముందు సీట్లలో తప్ప ఆలుమగలిద్దరూ పక్కపక్కన కూర్చునే చోటు వాళ్లకు మరొకటి లేదు. అది పోతుందంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఈ మోడలుకి సైలెన్సర్ ఇప్పుడు రెడీమేడ్‌గా దొరకదు బాబూ" అన్నాడు మెకానిక్కు.

"రెడీమేడు సరిపడనివాళ్ల కోసమేగా నేనున్నది!" అన్నాడు దర్జీ రోషంగా.

ఆ మాట మీదే మెళ్లో టేపు వేసుకుని కారు కింద దూరాడు. మహామహుల పొట్టలు కొలిచిన చెయ్యి అది, గొట్టానికి జంకుతుందా? కొలతలు అరుస్తుంటే భార్య రాసుకుంది.

"ఏమండీ, దీనికి ఛాతీ ఎక్కడుందీ?"

"ఛాతీ లేదు, పొట్టే. పొట్టని రాసుకో."

ముందు కాగితం కత్తిరించి, దాన్ని రేకు మీద పరిచి సుద్దతో గీశాడు. ఉతికితే కుంచించుకుపోతుందేమోనని రెండంగుళాలు వదిలాడు. కారు ఇంకా ఎదిగే అవకాశం ఉందని మరో అంగుళం మడతలో దాచాడు. అద్దెకు తెచ్చిన వెల్డింగ్ మిషనుతో అతను వేసిన మొదటి కుట్టు జాకీకి పడింది, రెండోది సొంత కత్తెరకు పడింది. ట్రయలు వేస్తే నడుం దగ్గర పట్టేసింది. ఊడదీసి మళ్లీ కుట్టాడు. కోటుకు ప్రాణం లైనింగే కదా అని, ఇంట్లో ఉన్న స్టీలు పీచంతా లోపల దట్టించాడు. గిన్నెలు దేంతో తోమాలో ఆవిడకు అర్థం కాలేదు.

చివరికి తాళం తిప్పాడు. ఏమీ వినబడలేదు. శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరైందని దిగి, బానెట్టు వైపు నడిచాడు.

"ఏమండీ, అది వెళ్లిపోతోందండీ!" అని అరిచింది భార్య. నిజంగానే వెళ్లిపోతోంది. పరుగెత్తి పట్టుకున్నారు. ఇద్దరూ రోడ్డు మీదే పడీ పడీ నవ్వారు.

ఆ రోజు ఆదివారమే. సాయంత్రం షికారులో దర్జీకి భార్య గొంతు వినబడింది.

"ఎడమకి తిప్పమని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానండీ! మీరేమో ఊఁ అంటారు, కుడికే తిప్పుతారు."

దర్జీ సిగ్గుపడి ఎడమకు తిప్పాడు. అటు కాలువ గట్టు ఉంది, చల్లటి గాలి ఉంది. ఆవిడ దారి పొడుగునా మాట్లాడింది, అతను చెవులప్పగించి విన్నాడు. ఇంత సరదా మనిషినా తాను కట్టుకున్నది అని తెగ మురిసిపోయాడు.

సోమవారం పొద్దున్న వీధి కొంప మునిగింది. కారు మోగే ఆ పావుగంటనే ప్రతి ఇంటివారూ తిట్లకూ ఏడుపులకూ కేటాయించుకున్నారని అంతవరకూ ఎవరికీ తెలియదు. అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారి గొంతులు విప్పారు. ఎదురింటి కోడలు అత్తగారిపై తన నిశ్చితాభిప్రాయాలను సోదాహరణంగా వివరించింది. డాక్టరుగారు తాను రాసిచ్చే మందేదీ తాను మింగనని తల్లితో మొండికేశారు. అన్నిటికీ మించి అధ్యక్షులవారి ఇంట్లోంచి "మోకాళ్లు సరిగ్గా వంచండీ!" అని శ్రీమతి గొంతూ, గుంజీళ్లు లెక్కపెడుతున్న అధ్యక్షులవారి గొంతూ స్పష్టంగా, శ్రావ్యంగా వినవచ్చాయి.

సాయంత్రం అత్యవసర సమావేశం. "సోదర సోదరీమణులారా! శబ్దం మన ఉమ్మడి ఆస్తి! దానిచాటునే మన సంస్కృతీ, మన పరువూ వర్ధిల్లుతున్నాయి. ఒక వ్యక్తి స్వార్థం కోసం దాన్ని నోరు నొక్కి చంపితే చూస్తూ ఊరుకోం. పాత చప్పుడు రావాలి, లేదా కారు పోవాలి!" అన్నారు అధ్యక్షులవారు. చప్పట్లు మిన్నంటాయి.

దర్జీ నీరుగారిపోయి ఇంటికొచ్చాడు. లైనింగు తీస్తే ఆవిడ మాట పోతుంది, తీయకపోతే ఆవిడ పక్క సీటు పోతుంది.

"లైనింగు తియ్యడం దేనికండీ? పైజామాకి బొందు పెట్టిన మనిషికి ఆ మాత్రం తట్టదూ!" అంది భార్య.

తట్టింది. సైలెన్సర్ మెడ దగ్గర ఒక రేకు తలుపు, దానికి ఇనుప తీగ, తీగ కొస స్టీరింగు పక్కన. లాగితే తలుపు తెరుచుకుని కారు పూర్వంలా గర్జిస్తుంది, వదిలితే పిల్లిలా నడుస్తుంది. మర్నాడు పొద్దున్న దర్జీ పావుగంట సేపు బొందు లాగి పట్టుకున్నాడు. వీధి కడుపారా తిట్టుకుని, ఏడ్చుకుని, ముఖం కడుక్కుని మర్యాదగా ఆఫీసులకు వెళ్లింది. దర్జీకి శాలువా కప్పారు. కొలతలు మాత్రం సరిగా లేవు.

ఇప్పుడు ఆదివారాల్లో సందు మలుపు దాటగానే బొందు వదిలేస్తాడు. "ఆఁ, ఇప్పుడు చెప్పు" అంటాడు. ఆవిడ చెబుతుంది.

ఆ వీధివాళ్లను చూసి పాఠకమహాశయులు నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు. కాకపోతే ముందు ఆ టీవీ సౌండు కాస్త తగ్గించండి. పక్కగదిలోంచి మిమ్మల్నెవరో ఇందాకట్నుంచీ పిలుస్తున్నారు.