పడవకు నాలుగు టైర్లు

పెద్దల పట్ల వినయం ఇంకా బతికి ఉన్న చోటు ఈ లోకంలో ఒక్కటే. కంప్యూటర్ ప్రోగ్రామ్!

నవ్వకండి. మీ పిల్లలు లేవగానే మీ మొహం చూస్తున్నారా, ఫోన్ మొహం చూస్తున్నారా? మా ప్రోగ్రాముల్లో ఆ వేషాలు సాగవు. ఒక్కో రకం వస్తువుకి మేం రాసుకునే నమూనాని క్లాసు అంటాం. ఒక క్లాసు ఇంకో క్లాసుకి బిడ్డగా పుట్టాలంటే నోరు తెరిచి పలకాల్సిన మొదటి మాట ‘సూపర్’. అంటే తల్లి క్లాసుని పిలవడం. ఉత్త చేతులతో పిలిస్తే కుదరదు. తల్లి కన్‌స్ట్రక్టర్, అంటే పురుడు పోసే భాగం, ఏమేం అడిగితే అవన్నీ, అడిగిన వరసలో చేతిలో పెట్టాలి. ఒక్కటి తగ్గినా బిడ్డ పుట్టదు. ఎంత సంస్కారం!

బళ్లు నడిపేవాళ్ల కోసం మా ఆఫీసు చేసే యాప్‌లో తల్లి క్లాసు ‘వాహనం’. మా పెద్దసారు స్వహస్తాలతో రాశారు. అది అడిగేవి పేరు, బరువు, చక్రాల సంఖ్య. కారూ బస్సూ లారీ బుద్ధిగా అన్నీ చెల్లించుకుని పుట్టాయి. ఆ తర్వాత నా నెత్తిన పడవ పడింది. రేవు దాటించే పడవ.

చక్రాలు సున్నా అని పంపాను. తల్లి ఒప్పుకోలేదు, చక్రాల్లేనిది వాహనమే కాదంది. సారు గదికి వెళ్లాను.

“సార్, పడవకి చక్రాలుండవు కదా. ఆ షరతు తీసేద్దామా?”

ఆయన తాపీగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. “తల్లి మారదోయ్. పిల్లలే సర్దుకోవాలి. నాలుగని ఇచ్చెయ్, నీ సొమ్మేం పోయింది?”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే వాళ్లను మీరు చూసే ఉంటారు. పడవకి నాలుగు చక్రాలనే వారిని చూసే భాగ్యం మాకే దక్కింది. నాలుగని ఇచ్చేశాను. పడవ క్షణంలో పుట్టింది. క్రమశిక్షణలో ఎంత హాయి!

యాప్ వాడిన మొదటిరోజు పొద్దున్నే పడవ నడిపే సరంగు ఫోన్ చేశాడు.

“సార్, ముందు ఎడమ టైరు చూసి, బాగుందని నొక్కితేగానీ ఇంజిన్ స్టార్ట్ కాదంటోంది మీ యాప్. ఆసుపత్రి నర్సులు ఎక్కి కూర్చున్నారు. వీళ్లు వెళ్తేగానీ అవతల రాత్రి డ్యూటీవాళ్లు ఇళ్లకి బయల్దేరలేరు.”

“పడవకి టైరేమిటండీ? బాగుందని నొక్కెయ్యండి.”

“అబద్ధం ఎలా నొక్కను సార్? రేవు గోడకి కొట్టుకోకుండా పక్కలకి పాత టైర్లు కట్టాం కదా. ముందు ఎడమది చిల్లు. ఫోటో పంపుతున్నా చూడండి.”

ఆ ఫోటో పట్టుకుని సారు దగ్గరికి పరిగెత్తాను. ఇప్పటికైనా షరతు తీసేస్తారని ఆశ. ఆయన ఫోటోని దగ్గరగా పెట్టుకుని, వేలితో లెక్కపెట్టారు.

“చూశావా? సరిగ్గా నాలుగున్నాయి. పెద్దలు ఊరికే అంటారా?”

ఆ ఉత్సాహంలోనే తల్లి క్లాసుకి ఇంకో ఆర్గ్యుమెంట్, అంటే పిల్లలు చెల్లించాల్సిన ఇంకో అంశం, చేర్చారు. స్టెప్నీ, అదే, అదనపు టైరు. అది ఇవ్వకపోతే కారూ బస్సూ లారీ కూడా పుట్టవు. తల్లి మారదన్నది పూర్తిగా నిజం కాదన్నమాట. అడిగేది పెంచడానికైతే మారుతుంది!

ప్రస్తుతం సరంగు స్టెప్నీ వెతుకుతున్నాడు. రాత్రంతా మేలుకున్న నర్సులు అవతలి ఒడ్డున, ఇంటికెళ్లాలని పడవకోసం చూస్తున్నారు. మీలో ఎవరైనా అటు వెళ్తుంటే వాళ్లకి నా మాటగా చెప్పండి. పడవ చెడిపోలేదు, పెద్దలకి వినయం చూపిస్తోంది.