వీధి మధ్య మిగిలిన శేషం

లోకంలోని పనులన్నిటినీ అలుపెరగని ఇద్దరు మనుషులు చక్కబెడుతుంటారని అంకగణితం ఏనాడో తేల్చేసింది. ఒకరు ఎ, రెండోవారు బి. వాళ్లకు నడుము నొప్పి రాదు, ఇంటికి చుట్టాలు రారు, పార కర్ర విరగదు. (అప్పుడప్పుడు బి మాత్రం పని మధ్యలో వదిలేసి వెళ్లిపోతాడు. ఎందుకు వెళ్లాడని అడిగినవాళ్లకు మార్కులు లేవు.) ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ సత్యాన్ని పిల్లల తలకెక్కించి, రిటైరై ఇంటిపట్టున ఉన్న లెక్కల మాస్టారి గుమ్మం ముందుకే, ఒకనాడు ఆ సత్యం పారలూ తట్టలతో సహా వచ్చి నిలబడింది.

ఆ రోజు పొద్దున్నే మాస్టారి భార్య, అరువు తెచ్చుకున్న కుక్కర్ తిరిగిచ్చి వద్దామని ఎదురింటికి వెళ్లింది. "ఒక్క నిమిషం కూర్చో వదినా" అంది ఎదురింటావిడ. కూర్చుంది. ఆ ఒక్క నిమిషం పూర్తయ్యేలోపు నీటి గొట్టాల వాళ్లు వచ్చి, వీధిని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిమికి చీల్చి, గొట్టం దించి, మట్టిని గట్టున పోసి వెళ్లిపోయారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు గెంతి అవతలికి పోతున్నారు. మాస్టారి భార్యకు ఆ మధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. గెంతడం మాట అటుంచి, మెట్టు దిగాలన్నా గోడ పట్టుకోవాలి.

అడ్డంగా చెక్క వేద్దామా అంటే, గొయ్యి పక్కనే బోర్డు ఉంది: "చెక్క వేయుట కూడా పనియే. ప్రతి పనికీ వేరుగా కాలనిర్ణయము పొందవలెను. - పనులు మరియు కాలముల శాఖ."

మధ్యాహ్నానికి మాస్టారు గొయ్యి అంచున నిలబడి కేకేశారు.

"ఇదిగో! ఉప్పెక్కడుంది?"

"కాఫీపొడి అని రాసున్న డబ్బాలో!" అంది భార్య, ఎదురింటి వరండాలోంచి.

"మరి కాఫీపొడి?"

"అయిపోయింది. నిన్న మూడుసార్లు చెప్పాను."

రెండు రోజులకే సింకులో గిన్నెలు కుళాయిని తాకాయి. ఇంటిపని తామిద్దరూ కలిసే చేసుకుంటామని మాస్టారు నలుగురిలో చెప్పుకునేవారు. (పేపరు మడతపెట్టడం, కూరగాయల సంచీ వంక విచారంగా చూడటం ఆయన వంతు.) లెక్క దగ్గర మాత్రం ఆయన నిజాయితీపరుడు. అందుకని కూర్చుని, భార్య ఒక్కతే చేస్తే ఎంతసేపు, తను తోడైతే ఎంతసేపు అని కట్టి చూశారు. తను తోడైన రోజుల్లోనే ఆలస్యం. రెండుసార్లు సరిచూసుకున్నారు. నీటి తొట్టెల లెక్కల్లో నింపే గొట్టం ఒకటి, ఖాళీ చేసే గొట్టం ఒకటి ఉంటాయి. తను రెండో గొట్టమని తేలింది.

ఇక ఆగలేక శాఖ కార్యాలయానికి బయల్దేరారు. అక్కడ అధికారి కుర్చీలో ఉన్నది సాక్షాత్తూ ఆయన శిష్యుడే. కాలం-పని లెక్కల్లో ఎప్పుడూ క్లాసు ఫస్టు.

"బాబూ..." అని మొదలుపెట్టారు మాస్టారు.

"అయ్యో, ఒరేయ్ అనండి మాస్టారూ" అన్నాడు శిష్యుడు లేచి నిలబడి. "స్టాఫ్ ముందు మాత్రం వద్దు." అంతా విని, పెన్ను తీశాడు. "ఆ గొయ్యి పూడ్చడానికి ఒక మనిషికి పన్నెండు రోజులు. అంటే పన్నెండు మందికి ఒక్క రోజు. మీరు నేర్పిందే కదండీ!"

మాస్టారు పొంగిపోయి, తిరుగుదారిలో కాఫీపొడి కూడా మర్చిపోయారు.

మర్నాడు పన్నెండు మందీ వచ్చారు. మట్టిగుట్టకీ గొయ్యికీ మధ్య ఇద్దరు నిలబడటానికే చోటుంది. మిగతా పదిమందీ గట్టు మీద నిలబడి ఆ ఇద్దరికీ సలహాలిచ్చారు. సలహాలు విరుద్ధంగా ఉండటంతో ఆ ఇద్దరూ పారలు పక్కన పెట్టి, మీలో మీరు తేల్చుకోండన్నారు. సాయంత్రందాకా తేలలేదు.

సంగతి విని శిష్యుడు కంగారుపడలేదు. "జవాబు తప్పు కాదు మాస్టారూ. మనుషులు చాలలేదు" అని, నలభై ఎనిమిది మందిని పావు రోజుకి పంపాడు. అంతమందికీ హాజరు పిలిచేసరికే పావు రోజు గడిచిపోయింది. ఆఖరి మనిషి "ఉన్నానండీ" అనగానే, పని పూర్తయినట్టు ధ్రువపత్రం ఇచ్చి అందరూ లారీ ఎక్కేశారు.

మాస్టారు మళ్లీ పరిగెత్తారు. "పూర్తవడమేమిట్రా! గొయ్యి నోరు తెరుచుకుని అక్కడే ఉంది కదా!"

శిష్యుడు స్టాఫ్ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "దాన్ని శేషం అంటాం మాస్టారూ. శేషం వస్తే పక్కన రాసి వదిలేయమని మీరే కదండీ చెప్పారు."

ఇంటికొచ్చేసరికి ఎండ వాలింది. ఎదురింటి వరండాలో భార్య కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ఎదురింటావిడ వెనక కూర్చుని తలకు నూనె రాస్తూ ఏదో చెబితే, కళ్లు మూసుకునే పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆయన పెళ్లైన కొత్తలో విన్నారు. ఎప్పుడు ఆగిపోయిందో గుర్తురాలేదు. తనకు తెలియకుండా ఇంట్లో ఏదో అయిపోయిందని, ఆ సంగతి ఎవరూ తనకు మూడుసార్లు చెప్పలేదని, మాస్టారికి అప్పుడు తట్టింది.

పెరట్లోంచి పారా తట్టా తెచ్చారు. పంచె ఎగ్గట్టి, గుమ్మానికి సూటిగా మట్టి పోయడం మొదలుపెట్టారు. మొదటి తట్ట ఉత్సాహంగా పడింది. ఆ తర్వాత ఒక్కో తట్టా ఆయన నేర్పిన సిద్ధాంతానికి విరుద్ధంగా బరువెక్కసాగింది.

"ఏవండీ, చాలు! ఆయాసం వస్తోంది మీకు!" అంది భార్య అటునుంచి.

"రానీ!" అన్నారు మాస్టారు. లెక్కల పుస్తకంలో లేని మాట అది.

ఆఫీసు నుంచి ఇంటికి పోతున్న శిష్యుడు చూశాడు. స్కూటరు ఆపి, ఆ చివరా ఈ చివరా చూసి, ప్యాంటు మడిచి దిగాడు. ఎ, బి కలిశారు. కలిసి పాత స్కూలు కబుర్లలో పడటంతో ఒక్కరు చేసే దానికంటే కాస్త ఎక్కువ సేపే పట్టింది. వీధి దీపాలు వెలిగే వేళకి మనిషి నడిచేంత దారి పడింది. మాస్టారు అవతలికి వెళ్లి, భార్య చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకొచ్చారు. ఆయన అరచేతిలో బొబ్బలు తగిలి ఆవిడ ఓ క్షణం ఆగింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

సింకు చూసింది. కొంగు బిగించింది.

"నేనూ సాయం పడతాను" అన్నారు మాస్టారు.

"వద్దు లెండి, కూర్చోండి. తొందరగా అయిపోతుంది."

శనివారం శాఖ నుంచి నోటీసు వచ్చింది: "సదరు గొయ్యి ఇదివరకే పూడ్చబడినట్లు ధ్రువీకరించబడినందున, దానిని మరల పూడ్చుట అదనపు పని యగును. కావున అట్లు పూడ్చిన భాగమును సోమవారము తవ్వి, లెక్క సరిచేయబడును." కింద శిష్యుడి సంతకం. (వంకరగా ఉంది. బొబ్బలు అతనికీ తేలాయి.)

మాస్టారు నిప్పులు తొక్కారు. పై అధికారికి వెళతానన్నారు, ఆ పై అధికారికీ వెళతానన్నారు. భార్య కళ్లజోడు పెట్టుకుని నోటీసు నిదానంగా చదివింది.

"సోమవారం ఎన్నింటికి వస్తారట?"

"పదింటికి! ఎంత అన్యాయమో చూశావా?"

సోమవారం తొమ్మిదింటికల్లా ఆవిడ రెండు జతల బట్టలు, మోకాలి తైలం, తన తలగడ సంచీలో సర్దుకుని, కొత్త దారి మీద జాగ్రత్తగా అడుగులేస్తూ ఎదురింటికి చేరుకుంది. వరండా మెట్టు మీంచి వెనక్కి తిరిగి చూసింది.

"పనివాళ్లని మాత్రం తొందరపెట్టకండి, పాపం."