తగ్గించడానికి ఏమీ లేని ఇల్లు

పుర ప్రజలకు శుభవార్త ఏమంటే, భూగోళాన్ని కాపాడే బాధ్యతను హరిత గృహ మండలి వారు తలకెత్తుకున్నారు. ఇకమీదట ప్రతి ఇల్లూ తన గోడలవల్ల, కప్పువల్ల భూమికి జరిగే కీడు ఎంత తక్కువో మండలికి రుజువు చూపి పత్రం తెచ్చుకోవాలి. వందకు నలభై మార్కులు రాని ఇంటిని తొంభై రోజుల్లో, కేవలం పర్యావరణ హితం కోరి, డీజిలు యంత్రంతో కూల్చేస్తారు.

ఈ ప్రకటన విని వీధి మొత్తంలో హాయిగా నవ్వినవాడు తాపీమేస్త్రి ఒక్కడే. ముప్పయ్యేళ్ళుగా పరాయి గోడలకు సిమెంటు పూస్తున్నాడు గానీ, తాను ఉండేది మాత్రం వాళ్ళ నాన్న కట్టిన మట్టి ఇంట్లో. రెండడుగుల మందం గోడలు. వరస ఆరాక వరస పెట్టి, తొందరపడకుండా లేపినవి. పైన పెంకులు, లోపల సున్నం. ఎండాకాలం బయట కాళ్ళు కాలుతుంటే లోపల దుప్పటి వెతుక్కోవాలి.

"మనకేం భయమే? ఈ ఇంట్లో సిమెంటంటూ ఉంటే అది నా గోళ్ళలో ఉన్నదే" అన్నాడు భార్యతో.

"గోళ్ళు కడుక్కుని కూర్చోండి మరి. మార్కులేసే ఆయనొస్తే చేతులు చూపించమంటాడేమో" అందావిడ.

మార్కుల అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. గోడ మీద చెయ్యి వేసి "అబ్బ, ఎంత చల్లగా ఉందండీ!" అని మురిసిపోయాడు. మురిసిపోయి, ఫారం తీశాడు.

మండలి వారి మార్కులన్నీ తగ్గింపును బట్టి ఉంటాయి. పూర్వం సిమెంటు ఎంత వాడారు, ఇప్పుడెంత తగ్గించారు? ఇదీ శాస్త్రం. వీధి చివర పద్దెనిమిది అంతస్తుల గాజు భవనానికి తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. కట్టినవాడు ముందు ముప్పయ్యారు అంతస్తులు అనుకుని, భూమి మీద దయతలచి సగానికి సగం తగ్గించుకున్నాడు. ముందు ఎంత అనుకున్నదీ ఆయనే రాసుకున్నాడు. మనసులో మాట ఆయనకు గాక ఇంకెవరికి తెలుస్తుంది?

"పూర్వ వాడకం?" అన్నాడు అధికారి.

"అసలు వాడనే లేదండి."

"అయ్యో! మరి తగ్గింపు ఎలా చూపిస్తాం?" అంటూ నిజంగానే నొచ్చుకుని సున్నా వేశాడు. "మట్టి ఎంత దూరం నుంచి తెచ్చారు?"

"ఇదిగో, ఈ పెరట్లోంచే. పది అడుగులు."

ఫారం కిలోమీటర్లు తప్ప అడుగులు తీసుకోదు. పైగా లారీ చీటీ లేదు. సున్నా. ఆఖరిది సామాజిక సుస్థిరత. నిర్మాణంలో స్త్రీలకు ఉపాధి కల్పించారా?

"కల్పించకపోవడమేంటండీ! అడుసు తొక్కింది మొత్తం మా అత్తగారే. అప్పుడు ఈయన కడుపులో ఉన్నారు కూడా" అంది మేస్త్రి భార్య.

"చాలా గొప్ప విషయమమ్మా. ఆవిడ హాజరు పట్టీ ఉందా?"

మొత్తం మీద ఇంటికి పదకొండు మార్కులు వచ్చాయి. అవి కిటికీకి.

మేస్త్రి నవ్వు ఆ రోజుతో ఆగిపోయింది. తొంభై రోజుల తర్వాత తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అప్పుడు రంగంలోకి దిగాడు బావమరిది. ఏ కచేరీలో ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తారో తెలిసినవాడు. ఆ తెలివితోనే బతుకుతున్నాడు.

"ఇంత చిన్నదానికి బెంగేంటి బావా? తగ్గించడానికి నీ దగ్గర ఏమీ లేదు, అంతే కదా! ఉండేలా చేసుకో. ఇల్లంతా సిమెంటు పూసెయ్యి, వాళ్ళని పిలిచి చూపించు. తర్వాత వాళ్ళ కళ్ళముందే సగం చెక్కెయ్యి. యాభై శాతం తగ్గింపు! కళ్ళకద్దుకుని ఇస్తారు పత్రం."

"మట్టిగోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ ఎటు పోతుందిరా? ఒక్క వాన పడితే గోడ పుచ్చిపోతుంది."

"నీ చెమ్మకి ఫారంలో గడి లేదు బావా."

"ఒరే తమ్ముడూ, ఆయన ముప్పయ్యేళ్ళ నుంచి గోడలతోనే ఉన్నారు. ఆయన మాట వినరా" అంది అక్క.

"గోడల మాట గోడలకే తెలుసక్కా. కూల్చే యంత్రానికి తెలీదుగా!"

మర్నాడు మేస్త్రి తన ఇంటి గోడలకు తానే ఇనప తీగల జాలీ కొట్టి, తానే సిమెంటు మాలు కలిపి, తాపీ పట్టాడు. పరాయి ఇళ్ళకు ఎప్పుడూ చేయనంత నున్నగా చేశాడు. పాడుచేసేదైనా పని పనే కదా! సాయంత్రానికి ఇల్లు బూడిద పూసుకున్నట్టు తయారైంది. లోపల ఉక్కపోత మొదలైంది. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఫ్యాను కొన్నారు.

అధికారి వచ్చి చూసి ఆనందంతో మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "చూశారా! ఇప్పుడు తగ్గించడానికి మీ దగ్గరా ఏదో ఒకటి ఉంది" అని పూర్వ వాడకం గడి నిండుగా రాసుకున్నాడు. చెక్కడానికి తేదీ నలభై రోజుల తర్వాత దొరికింది. అంతవరకు ఒక్క పెచ్చు ముట్టుకున్నా మోసం కింద లెక్కన్నాడు.

వాన మండలి వారి తేదీలు చూసుకోదు. ఇరవయ్యో రోజున మొదలై అయిదు రోజులు పడింది. చూరు కింద నీళ్ళు దిగాయి. మేస్త్రి రోజూ పొద్దున్నే గోడకు చెవి ఆనించి వినేవాడు, ముసలివాళ్ళ గుండె చూసే డాక్టరులా. ఆరో రోజు విన్నాక భార్యను, వంటసామాను, ఫ్యానును వీధిలోకి చేర్చాడు. పది గంటలకు ఇల్లు కూలింది. చప్పుడు కూడా చెయ్యలేదు. లోపలి మట్టి జారి కిందికి దిగిపోయింది; జాలీ పట్టుకున్న సిమెంటు పొర మాత్రం, మనిషి జారిపోయాక నిలబడ్డ చొక్కాలా కాసేపు నిలబడి, తర్వాత అదీ ఒరిగింది.

"అత్తగారు తొక్కిన అడుసండీ" అంది భార్య. మేస్త్రి పిడికెడు మట్టి తీసి, నలిపి చూశాడు. మట్టి బాగానే ఉంది.

నలభయ్యో రోజున అధికారి చెప్పిన వేళకు వచ్చాడు. కూలిన మట్టిగుట్ట చుట్టూ తిరిగాడు. పూర్వ వాడకం: నిండుగా. ప్రస్తుత వాడకం: లేదు. మనిషి తగ్గిస్తే మోసం గానీ, ఇది ప్రకృతి స్వయంగా చేసిన తగ్గింపు. నిబంధనల్లో దానికి అభ్యంతరం లేదు. గోడలు నేలలో కలిసిపోయిన శాతం: వంద. ఇంటివారి కరెంటు వాడకం: సున్నా. వందకు వంద మార్కులు వచ్చిన తొలి ఇల్లుగా మండలి చరిత్రకెక్కింది.

సన్మానం గాజు భవనంలో జరిగింది. అధ్యక్షులవారు శాలువా కప్పి సెలవిచ్చారు: "మిత్రులారా! భూమి మీద ఒక్క గోడయినా మిగల్చకుండా బతకడం ఎలాగో ఈ సామాన్య కార్మికుడు మనకు నేర్పాడు. ఇలాంటి ఇళ్ళు వీధి వీధినా వెలియాలి!" చప్పట్లు చాలాసేపు మోగాయి. మేస్త్రికి గుర్తింపు పొందిన నిపుణుడని కార్డు కూడా ఇచ్చారు.

ఇప్పుడతను అద్దె గదిలో ఉంటున్నాడు. పొద్దున్నే గుమ్మం ముందు జనం. అందరూ మట్టి ఇళ్ళవాళ్ళే. మొదట వచ్చింది పాత ఇంటి ఎదుటి ముసలావిడ.

"మా ఇంటికీ పూసిపెట్టు నాయనా."

"పూస్తే కూలుతుందత్తా. చూశావుగా!"

"పూయకపోతే వాళ్ళు కూలుస్తారు, పదకొండు మార్కులేసి మరీ. కూలేదేదో మంచి మార్కులతో కూలితే నలుగురిలో పరువన్నా ఉంటుంది."

వెనకనున్న వాళ్ళంతా ఆవిడ చెప్పింది సబబేనని తలలూపారు. కూలకుండా ఉండే దారి ఏమిటని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెబుదామని కాసేపు చూశాడు మేస్త్రి. తర్వాత తాపీ చేతిలోకి తీసుకుని, "ఏ గోడ నుంచి మొదలెట్టమంటావత్తా?" అన్నాడు.