ఫుల్ ఫార్వర్డ్‌ల వంశం

శనివారం పొద్దున్నే డెస్ ట్రెవిన్ కొడుకు బూట్లు తళతళలాడేలా తుడిచి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఇవాళ బెండిగో పట్నం నుంచి ఫుట్‌బాల్ సెలెక్టర్ వస్తున్నాడు. అతని కంట్లో పడితే పదిహేడేళ్ళ క్లెమ్ జిల్లా జట్టుకి వెళతాడు, లేదంటే ఈ ఏడాదికి ఇంతే. ట్రెవిన్‌లది ఫుల్ ఫార్వర్డ్‌ల వంశం. గోలు స్తంభాల ముందు నిలబడి తాత కొట్టాడు, తండ్రి కొట్టాడు. క్లెమ్ మాత్రం నెల రోజులుగా ఒక్కటీ కొట్టలేదు. తాతలు తాగిన నేతుల వాసన ఎంతకాలమని చూపిస్తారు?

"నాన్నా, నీకో మాట చెప్పాలి," అన్నాడు క్లెమ్.

"గోలు కొట్టాక చెబుదువుగాని. టోస్ట్ తిను."

మైదానంలో ఆట మొదలుకాకముందే రన్నర్ పడ్డాడు. ఆట మధ్యలో కోచ్ మాటలు ఆటగాళ్ళకు మోసుకెళ్ళేది అతనే. ట్రక్కు దిగుతూ కాలు బెణికించుకున్నాడు. కోచ్ మర్వ్ హాకెట్ అటూ ఇటూ చూసి, రన్నర్ చొక్కాని పాత స్నేహితుడు డెస్ మీదికి విసిరాడు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. నీ తెలివి కలపకు."

రెండో క్వార్టర్‌లో మొదటి కబురు వచ్చింది. "మీవాణ్ణి వెనక్కి, ఫుల్ బ్యాక్‌కి పంపు. అక్కడున్న రాస్‌ని ముందుకి రమ్మను."

డెస్ మైదానంలోకి పరుగెత్తాడు. సెలెక్టర్ చూస్తుండగా ట్రెవిన్‌ల కుర్రాడు గోలు కొట్టేచోట కాక, ఆపేచోట నిలబడడమా?

"మర్వ్ ఏమన్నాడు?" అని క్లెమ్ ఆశగా అడిగాడు.

"ఇక్కడే ఉండమన్నాడు."

రాస్‌కి డెస్ ఏమీ చెప్పలేదు. కానీ దూరం నుంచి మర్వ్ చేతులూపడం చూసి రాస్ తనంతట తానే ముందుకొచ్చేశాడు. ఒకే చోట ఇద్దరయ్యారు. డెస్ రాస్‌ని అంచుకి తోలాడు. "మరి నేనెక్కడికి పోను?" అన్నాడు అంచున ఆడేవాడు. వాణ్ణి మధ్యకి పంపాడు. మధ్యలో ఉన్నవాడు అలిగితే వాణ్ణి బతిమాలి ఇంకోచోటికి పంపాడు. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి మైదానమంతా చుట్టాల్సి వచ్చింది. చివరి క్వార్టర్‌కి మధ్యలో తిరునాళ్ళు, వెనక నరమానవుడు లేడు. అవతలి జట్టువాడు తీరిగ్గా గోళ్ళు గిల్లుకుంటూ గోలు మీద గోలు కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా మైదానం గట్టు పొడుగునా నిలిపిన వాళ్ళ ఊరి కార్లు హారన్లు మోగిస్తున్నాయి.

"వీళ్ళనెవడ్రా కదిపింది?" అన్నాడు మర్వ్.

"కుర్రాళ్ళు కదా, ఉత్సాహం."

"మన ఆధిక్యం మూడు పాయింట్లే మిగిలింది. క్లెమ్‌ని వెనక్కి పంపుతావా, నన్నే వెళ్ళమంటావా?"

డెస్ పరుగెత్తాడు. సగం దూరంలో ఊపిరందక మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. క్లెమ్ దగ్గరికొచ్చాడు.

"నాన్నా, ఏం కబురు?"

డెస్ నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. క్లెమ్ తండ్రిని చూశాడు, ఖాళీగా ఉన్న వెనక భాగాన్ని చూశాడు.

"నేను పోతున్నా," అన్నాడు.

ఎత్తుగా వచ్చిన బంతిని అవతలివాడి భుజం మీదుగా ఎగిరి పట్టుకున్నాడు. అది మళ్ళీ వచ్చింది, మళ్ళీ పట్టుకున్నాడు. ఆట ముగిసిందని సైరన్ మోగింది, మూడు పాయింట్లతో గెలిచారు. ఒక్క గోలూ కొట్టని క్లెమ్ కోసం సొంత ఊరి కార్లన్నీ హారన్లు కొట్టాయి.

"వెనక ఆడించమని మర్వ్‌ని అడిగింది నేనే, నాన్నా. గోలు కొట్టాలంటే కాళ్ళు వణుకుతాయి. ఆపాలంటే వణకవు. పొద్దున చెబుదామనుకున్నది అదే."

డెస్‌కి సిగ్గేసింది. "టోస్ట్ తినమన్నాను కదూ," అన్నాడు.

సెలెక్టర్ వచ్చాడు. "మీవాడు ఫుల్ బ్యాక్ అని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే. బుధవారం బెండిగో పంపించండి."

"వాళ్ళ నాన్నకీ కబురు ఇప్పుడే అందింది," అని మర్వ్ డెస్ ఒంటి మీది చొక్కా లాక్కున్నాడు. "నీకూ సరైన చోటు చూశాను. ఆట చూడ్డానికొచ్చినవాళ్ళకి సాసేజీలు వేయించే పెనం దగ్గర. అడిగినవాడికి అడిగిందే ఇవ్వు, చాలు."

మరుసటి శనివారం డెస్ బుద్ధిగా అక్కడే నిలబడ్డాడు. ఉల్లిపాయలు వద్దన్న ఇద్దరికి మాత్రం, అవి లేకపోతే రుచేముంటుందని, వేసే ఇచ్చాడు.