కడిగి ఇచ్చిన దువ్వెన

ఆ గురువారం పొద్దున్న ఒడెస్సా అనుకున్నది చిన్న పనే. క్యారెట్ రసం తాగి, కాల్చిన చిలగడదుంప తిని, ఆదివారం పాడాల్సిన పాట ఒకసారి సాధన చేయాలి. చర్చి వార్షికోత్సవంలో మొదటి పాట ఏళ్ల తరబడి ఆమెదే. అది ఎప్పుడు చేజారుతుందా అని పాటల బృందంలో పక్క వరసలో నిలబడే క్లియోతా కాచుకుని ఉందని ఆమె అనుమానం.

అమెరికా ఉత్తరాన ఉన్న మిల్వాకీలో చలికాలం నల్లవాళ్ల ఒంటిమీద పగబట్టినట్టే ఉంటుంది. మోచేతులు బూడిద పూసినట్టు తెల్లబారతాయి, జుట్టు ముట్టుకుంటే తెగుతుంది. ఒంటికీ తలకీ ఎంత షియా వెన్న రాసినా లాభం లేకపోయేసరికి, జడలల్లే జువానెల్ ఆమె చెవిలో ఒక రహస్యం ఊదింది. పైన రాసింది చాలు, ఇక లోపలికి తిను అంది. క్యారెట్లు, చిలగడదుంపలు, గుమ్మడి, అవిసె గింజలు, డబ్బా చేపలు. నీ ఒక్కదానికే చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పకు అని ఒట్టు కూడా వేయించుకుంది. నెల తిరిగేసరికి ఒడెస్సా మోచేతులు నిగనిగలాడాయి, జుట్టు తెగడం మానింది.

రసం గ్లాసు కింద పెట్టినప్పుడు ఆమెకు తన అరచెయ్యి కనబడింది. నారింజ తొక్క రంగులో ఉంది. సబ్బుతో రుద్దింది, రాయితో గీకింది. రంగు కదలలేదు. మూలన గదిని వెచ్చబరిచే రేడియేటర్, లోపల ఎవరో ఉన్నట్టు టకటక కొట్టుకుంది.

దక్షిణాది మిసిసిపీలో పెరిగిన అక్క ఎర్నెస్టీన్ ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసింది.

"నీ దువ్వెన ఎక్కడుంది?" అంది చివరికి.

ఆ ఇంట్లో దువ్వెనలో చిక్కిన వెంట్రుకలను వెంటనే కాల్చేస్తారు. పిట్ట గూటికి చేరితే తలపోటు, శత్రువు చేతికి చేరితే చేతబడి. ఒడెస్సా తలదించుకుని చెప్పింది. మొన్న చర్చి పాటల గదిలో మరిచిపోతే, నిన్న క్లియోతా ఇంటికి తెచ్చి ఇచ్చింది.

"వెంట్రుకలతోనా?"

"లేదు. కడిగి తెచ్చింది."

ఎర్నెస్టీన్ కుర్చీలో కూలబడింది. "పరాయి దువ్వెన ఊరికే ఎవరు కడుగుతారే, పిచ్చిదానా?"

చేతబడి లోపలికి రాకుండా గడప నిండా ఉప్పు పోసింది. చెల్లెలికి బలం రావాలని రోజుకు రెండింతలు క్యారెట్లు, చిలగడదుంపలు తినిపించింది. ఎంత తింటే రంగు అంత ముదిరింది, అరికాళ్లకూ పాకింది. శనివారం మధ్యాహ్నమే చీకటి పడింది. ఒడెస్సా తలుపు తీసి చూస్తే, మంచులో అడుగుజాడలు వీధిలోంచి వచ్చి, ఉప్పు దాకా నడిచి, అక్కడే వెనుదిరిగి ఉన్నాయి. ఎవరూ తలుపు కొట్టలేదు. ఆమె తలుపు మూసి గడియ పెట్టింది. ఈ చేతులెత్తి రేపు ఎలా పాడను, పాట పోయినట్టే అని ఏడ్చింది.

ఆదివారం తెల్ల చేతితొడుగులు వేసుకుని వెళ్లింది. అంగీలు మార్చుకునే గదిలో క్లియోతా ఒంటరిగా నిలబడి ఉంది. ఆమె చేతులకూ తెల్ల తొడుగులే.

"నా జుట్టు ఏం చేశావు?" అంది ఒడెస్సా.

"కాల్చేశాను, సిస్టర్. ఎవరి చేతిలోనైనా పడితే నీకెంత ప్రమాదం?" క్లియోతా ఒక అడుగు ముందుకేసింది. "నేను నీ మేలు కోరితే, నువ్వు నాకు చేసిందేమిటి? ఆ దువ్వెన ముట్టుకున్న మర్నాడే ఇలా అయింది. అడుగుదామని వస్తే గడపలో ఉప్పు పోశావు."

తొడుగు లాగింది. అరచెయ్యి నారింజ రంగులో ఉంది.

ఒడెస్సా తన తొడుగూ తీసింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు.

"క్యారెట్ రసం తాగుతున్నావా?" అంది ఒడెస్సా మెల్లగా.

"ఎవరు చెప్పారు నీకు? జువానెల్ నా ఒక్కదానికే..." అని క్లియోతా ఆగిపోయింది.

ఒడెస్సా సిగ్గుపడింది. ఇన్నాళ్లూ ఈ మనిషినా అనుమానించాను అనుకుని, ఆమె చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్లింది. మొదటి పాట ఇద్దరూ కలిసి పాడారు. పై స్వరంలో ఒడెస్సా ధైర్యం చేసి చేతులు పైకెత్తింది. పరవశించి సభంతా లేచి చేతులెత్తింది.

పాట ఆగిపోయింది. కిటికీలోంచి పడిన ఎండలో వరస తరవాత వరస అరచేతులు, అన్నీ నారింజ రంగే. చివరి వరసలో జువానెల్ ఒక పెద్ద టోపీ వెనక్కి ఒదిగింది.

దీవించడానికి లేచిన పాస్టర్ హోలిస్ చేతులెత్తబోయి, ఏమనుకున్నారో, గబుక్కున జేబుల్లో పెట్టుకున్నారు.

ఆయనది నున్నటి బట్టతల.