గుండయ్య మునిమనవలు

పేరుకు పెద్ద అడవే గాని, ఆ వేసవిలో అందులో మిగిలిన నీళ్లు ఒక్క రాతిఊటలోనే. ఊట దగ్గర రోజూ తోపులాట. కొమ్ములున్నవాళ్లు తాగేవాళ్లు, లేనివాళ్లు చూసేవాళ్లు.

ఇలాగైతే లాభం లేదని అడవి సభ కూర్చుంది. సభాధ్యక్షుడు గవరయ్య అనే అడవిదున్న గొంతు సవరించుకుని తీర్మానం చదివాడు.

"ఈ ఊటను కనిపెట్టిన మహానుభావుడు గుండయ్య. ఆయన వంశంవాళ్లు పొద్దున్నే వచ్చి తేటనీళ్లు తాగుతారు. తక్కినవాళ్లు మధ్యాహ్నం వచ్చి మిగిలింది తాగుతారు. ఎవరి వంశవృక్షం వాళ్లు రాసుకుని, నక్క గుమాస్తా చేత ముద్ర వేయించుకోండి. గడువు పది రోజులు."

గుండయ్య ఎవరో, ఏ కాలంవాడో సభలో ఒక్కరికీ తెలియదు. అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అడిగితే వాళ్లది గుండయ్య వంశం కాదని అక్కడికక్కడే తేలిపోతుంది కదా!

ఆ సభలో జవ్వాది అనే పునుగుపిల్లి కూడా ఉన్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, చిన్నదానికి బురదనీళ్లు పడక కడుపునొప్పి. వంశం గురించి జవ్వాదికి తెలిసిందల్లా తాత పేరు మచ్చయ్య అని. అంతకు పైన పొగమంచు.

"సూదమ్మక్కను అడగరాదూ? పుష్కరకాలంగా అదే పనిలో ఉంది" అంది భార్య.

సూదమ్మ ముసలి ముళ్లపంది. బొరియ బొరియకూ నడిచి, ముసలివాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు దగ్గుతుంటే ఆగి, మళ్లీ అడిగి, విన్నదంతా చెట్టు బెరళ్ల మీద గీసి దాచేది. జవ్వాది వెళ్లేసరికి ఏదో ప్రయాణానికి బయల్దేరుతోంది.

"అక్కా, గుండయ్య సంగతి నీ దగ్గరేమైనా ఉందా?"

"ఉంది నాయనా. అదిగో, ఆ మూల బెరడు. కానీ అది సగమే అయింది. నాకు సందేహం ఉన్నచోటల్లా ఒక ముల్లు గుచ్చాను, చూసుకో. తూర్పుగుట్ట మీద ముసలి కొండముచ్చు ఒకడు మిగిలాడు. వాణ్ని కూడా అడిగివస్తే తేలుతుంది. పదిహేను రోజులు ఆగగలవా?"

"గడువు పదేనక్కా!"

"తాత ఎవరన్నది గడువు పెడితే తేలదురా" అని నవ్వుతూ వెళ్లిపోయింది సూదమ్మ.

జవ్వాది బెరడు ముందు కూర్చున్నాడు. పైన 'గుండయ్య' అని ఉంది. దాని కింద, కొంచెం పక్కగా, 'మచ్చయ్య' అని ఉంది. రెండు పేర్లకూ మధ్య ఒకటి కాదు, మూడు ముళ్లు గుచ్చి ఉన్నాయి.

"మా తాతే!" అని ఎగిరి గంతేశాడు. టేకాకు తెచ్చి పేర్లు ఎక్కించుకున్నాడు. ముళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చిన్నదాని కడుపునొప్పి గుర్తొచ్చింది. ముళ్లు వదిలేసి, వాటి చోట చక్కగా ఒక గీత గీశాడు. గుండయ్య నుంచి మచ్చయ్యకు. ఆకు అడుగున 'పరిశోధన: జవ్వాది' అని రాసుకున్నాడు.

నక్క గుమాస్తా ఆకును అటూ ఇటూ తిప్పాడు. "ఆధారం?"

"స్వయంగా పరిశోధించాను."

"గీత తిన్నగా ఉంది" అని ముద్ర గుద్దాడు.

మర్నాటికి అడవిపంది వరహాలు గుమ్మంలో ఉన్నాడు. "జవ్వాదీ, ఒక్కసారి నీ ఆకు చూసి ఇస్తానోయ్. మా ముత్తాత పేరు కూడా మచ్చయ్యే అని మా ఆవిడకు ఇప్పుడే గుర్తొచ్చింది."

కాదంటే తన గీత మీదికి వస్తుందేమోనని జవ్వాది ఇచ్చాడు. వరహాలు ఆకు నుంచి కుందేలు ఎక్కించుకుంది, కుందేలు నుంచి దుప్పి, దుప్పి నుంచి నెమలి. ఎనిమిదో రోజుకల్లా గుండయ్య వంశం యాభైతొమ్మిది ఇళ్లయింది. తొమ్మిదో రోజు చీకటి పడకముందే అధ్యక్షుడు గవరయ్య ఇంటినుంచి కూడా ఒక ఆకు వచ్చి అరవై నిండాయి.

మొదట్లో జవ్వాదికి గుండెలో కాస్త గుబులుగా ఉండేది. అరవై ఇళ్లూ అదే రాశాక ఆ గుబులు పోయింది. "ఇంతమంది రాశారంటే నిజమే అయ్యుంటుంది" అన్నాడు భార్యతో.

"వాళ్లంతా నీది చూసే రాశారుగా?"

"అందుకే అందరిదీ సరిగ్గా సరిపోయింది!"

సభ అతనికి 'వంశవిశారద' అని బిరుదిచ్చి అడవిమల్లెల దండ వేసింది.

పదకొండో రోజు పొద్దున అరవై ఇళ్లవాళ్లూ ఒక్కసారిగా ఊట మీద పడ్డారు. అరగంటలో ఊట బురదగుంట అయింది. జవ్వాది పిల్లలు గవరయ్య డెక్కల సందునుంచి ఒక్కో గుక్క బురద నాక్కుని వచ్చారు. మధ్యాహ్నానికి బురద అడుక్కి దిగి నీళ్లు అద్దంలా తేరాయి. వంశం రాసుకోని తాబేలు ఒక్కతే తీరిగ్గా వచ్చి, కడుపునిండా తాగి వెళ్లింది.

అయినా ఎవరూ పొద్దుటి వంతు వదులుకోలేదు. తేటనీళ్ల కంటే పరువు ముఖ్యం.

నాలుగు రోజుల తర్వాత, ఇంతటి పూర్వీకుడికి ఊట గట్టున బొమ్మ లేకపోతే ఎలా అన్నాడు గవరయ్య. వడ్రంగిపిట్టను పిలిపించారు. అది మొద్దు మీద వాలి, ముక్కు నూరుకుని, మామూలు మాటే అడిగింది.

"ముఖం ఎలా చెక్కమంటారు?"

అందరూ ఎవరి మొహం వాళ్లు తడుముకున్నారు.

"కోరలుండాలి" అన్నాడు వరహాలు.

"చెవులు పొడుగ్గా!" అంది కుందేలు.

"కొమ్ములు లేకుండా మహానుభావుడెలా అవుతాడయ్యా?" అన్నాడు గవరయ్య. "ఉండండి, మూలం జవ్వాది కదా. ఏమోయ్ విశారదా, గుండయ్య ఏ జాతి?"

జవ్వాది మెడలో దండ ఒక్కసారిగా బరువెక్కింది. "అది... నేను రాసింది కాదండీ. సూదమ్మక్క రాసింది" అన్నాడు. ఇన్నాళ్లలో సభ ముందు ఆమె పేరు అతని నోట రావడం అదే మొదలు.

సూదమ్మ ఆ పొద్దునే తూర్పుగుట్ట నుంచి తిరిగొచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. సభకు పిలిస్తే బెరడు పట్టుకుని మెల్లగా వచ్చింది.

"గుండయ్యా? పీత" అంది.

"ఏమిటి?"

"పీతండీ. బొరియ తవ్వుకుంటుంటే నీళ్లు పడ్డాయి. అదే ఊట అయింది. ముందే అనుమానం ఉండబట్టి ముళ్లు గుచ్చాను. కొండముచ్చు తాత ఇప్పుడు ఖాయం చేశాడు." కాస్త ఆగి, నెమ్మదిగా కలిపింది. "పెళ్లి కూడా కాలేదట పాపం."

అరవై ఇళ్లవాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాబేలు మెడ లోపలికి లాక్కుంది, నవ్వు బయటికి వినబడకుండా.

గవరయ్య నక్కతో చెవిలో మాట్లాడాడు. నక్క లేచి ప్రకటించాడు. "అరవై ముద్రలు పడ్డాయి. ముద్ర తప్పదు. తప్పింది గుండయ్యే. కాబట్టి గుండయ్యకు పెళ్లయినట్టూ, అరవై జాతుల సంతానం కలిగినట్టూ సభ తీర్మానిస్తోంది. ఏటేటా గుండయ్య పండుగనాడు వంశంవాళ్లంతా ఊటదాకా పక్కవాటంగా నడవాలి."

చప్పట్లు మోగాయి. సూదమ్మ బెరడు చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది. జవ్వాది తల దించుకుని వెనకే నడిచాడు.

"తప్పయిపోయిందక్కా. ముళ్లు చూసే వదిలేశాను. నీ పేరు కూడా రాయలేదు."

సూదమ్మ వెనక్కి తిరగలేదు. కొంత దూరం పోయాక అంది. "మీ మచ్చయ్య తాత తల్లి సంగతి కూడా చెప్పాడురా కొండముచ్చు. గుట్ట మీద కార్చిచ్చు అంటుకున్నప్పుడు ఇద్దరు పిల్లల్ని ఒక్కొక్కణ్నే నోట కరుచుకుని వాగు దాటించిందట. మళ్లీ మూడోసారి మంటల్లోకి పోయింది. ఆ మూడోది ఆమె పిల్ల కాదు, పొరుగు ముంగిసది. తోక సగం కాలిపోయి ఈ అడవికి వచ్చింది. పేరు ఎర్రక్క."

జవ్వాది ఉన్నచోటే కూలబడ్డాడు.

మర్నాడు నక్క దగ్గరికి పరుగెత్తాడు. "నా ఆకు దిద్దాలి. మా వంశం గుండయ్యది కాదు, ఎర్రక్కది."

నక్క జాలిగా చూశాడు. "నీది దిద్దితే అరవై దిద్దాలి. అధ్యక్షులవారిది కూడా. నువ్వు మూలానివి నాయనా, మూలం కదలకూడదు."

ఆ మధ్యాహ్నం జవ్వాది పిల్లల్ని వెంటబెట్టుకుని ఊటకు వెళ్లాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. చిన్నది కడుపునిండా తాగి, గట్టున కూర్చుని, ఎర్రక్క కథ మళ్లీ చెప్పమంది. చెప్పాడు. ఈసారి మొదట్లోనే, "ఇది సూదమ్మత్త కాళ్లు వాచేలా నడిచి తెచ్చిన కథ" అన్నాడు.

పండుగనాడు మాత్రం, ముద్ర ఉంది గనక, అందరితోపాటు పక్కవాటంగా నడిచాడు.

నీతి: తాత ఎవరో తెలియదని బెంగ పడకండి; అరవైమంది రాస్తే పీతయినా తాతే.